సగం పట్టీ

పొద్దున లేచాక వజ్రమ్మకు పిడికిలి మూతపడేది కాదు. వేళ్ల కణుపులు ఉబ్బి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉండేవి. ఎండ బాగా ఎక్కేదాకా చెంబు పట్టలేదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు, అన్నం కలుపుకోలేదు. నేను రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ఆమె ముఖం కడిగి, జుట్టు దువ్వి, చాయ్ గ్లాసు నోటికి అందించి, అప్పుడు పడుకునేవాణ్ణి. మూడేళ్లు ఇలాగే గడిచాయి.

దీన్ని కీళ్లవాతం అంటారు. వయసు మీద పడి మోకాళ్లు అరిగే వాతం కాదు. రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి బలమే దారి తప్పి సొంత కీళ్లను తింటుంది. డాక్టరు చెప్పిన దాంట్లో నాకు అర్థమైంది ఇంతే. నేను ఊరి బడిలో ఏడు దాకా చదివాను. ఇంకా ఎక్కువ అర్థమైనా ఆమె చేతులు బాగయ్యేవి కావు.

మాది సిరిసిల్ల వైపు పల్లె. పెళ్లయిన మరుసటేడే సూరత్ వచ్చాం. గోడాదరాలో ఒక గది, ఉధ్నాలో నాకు సాంచల పని. సాంచ అంటే మరమగ్గం. వజ్రమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది, అంచులు సరిచేసేది. వేళ్లు పోయాక ఆ పనీ పోయింది. పిల్లలు లేరు.

ఆమెకు రెండు మాత్రలు రాసేవారు. ఒకటి వారానికి ఒక్కసారి మింగేది. రెండోది రోజూ మింగేది, అసలు మలేరియా కోసం చేసిన మాత్రట. ఆ రెండిటి మీద రోజులు వెళ్లదీస్తుండగా లాక్‌డౌన్ వచ్చింది. మలేరియా మాత్ర కరోనాకు పని చేస్తుందని ఎవరో అన్నారు. జలుబు కూడా లేనివాళ్లు డబ్బాలకు డబ్బాలు కొని బీరువాల్లో దాచుకున్నారు. నేను గోడాదరా నుంచి ఉధ్నా దాకా పోలీసుల లాఠీలు తప్పించుకుంటూ ప్రతి మందుల షాపు ముందు నిలబడ్డాను.

"ఖతమ్, కాకా," అన్నాడు ఒక షాపతను. "అడాజన్ సాహెబ్‌లు కార్లల్లో వచ్చి తీసుకుపోయారు. నువ్వు నడిచొచ్చావు."

అడాజన్ అంటే డబ్బున్నవాళ్లు ఉండే వైపు. అతను నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఇక మిగిలింది వారం మాత్ర. అదొక్కటే పని చేయాలంటే మోతాదు పెంచాలన్నారు. పెంచారు. వేసవి దాటేలోపు ఆమె ఒకరోజు మోరీ దగ్గర కూర్చుని నెత్తురు కక్కింది. కడుపు పాడైంది, మాత్ర ఆపమన్నారు. అదే మందు సూదిగా ఇవ్వొచ్చట. సూది ఇచ్చే ఆసుపత్రిని మొత్తం కరోనాకు మార్చారు. గేటు దగ్గర కర్రలు కట్టి ఉన్నాయి. చేతులు వాచినవాళ్లు ఎక్కడికి పోవాలో ఆ కర్రల మీద రాసి లేదు.

అప్పుడు సుమన వచ్చింది.

సుమన వజ్రమ్మ అన్న కమలాకర్ కూతురు. మా గల్లీలోనే పుట్టింది. చిన్నప్పుడు గుజరాతీ పిల్లలను చూసి మేనత్తను 'ఫోయీ' అని పిలిచి దెబ్బలు తిన్నది. తండ్రి సాంచలు నడిపి ఆమెను మందుల చదువు చదివించాడు. అడాజన్‌లో ఒక చిన్న కంపెనీలో పని. అక్కడ చర్మానికి అంటించే మందు పట్టీ తయారు చేస్తున్నారు, మా ఆమెకున్న రోగానికే.

"కడుపుల నుంచి పోయేదే లేదు, మామా," అన్నది గడపలో కూర్చుని. "పట్టీల మందుంటది. తోలు నుంచి కొంచెం కొంచెం రక్తంలకు దిగుతది. వారానికి ఒకటి. వాంతులు లెవ్వు, టెన్షన్ లెవ్వు."

"మరి తెచ్చినవా?"

"ఇంక తయారు గాలె. జిగురు నిలుస్తలేదు. ఏసీ గదిల మంచిగుంటది, చెమట వస్తే జారిపోతుంది. అందుకే నీ ఈపు గావాలె."

"నా ఈపెందుకే?"

"సాంచల కాడ నీకొచ్చినంత చెమట మా ల్యాబుల ఎవ్వరికి రాదు."

మందు లేని ఉత్త పట్టీలు నా వీపు మీద అంటించింది. వాటితోనే డ్యూటీకి పోయాను. పన్నెండు గంటలు, రేకుల కప్పు, బనియన్ పిండితే నీళ్లు కారే వేడి. బనియన్ విప్పగానే తోటి కారీగర్లు చుట్టూ మూగారు.

"ఏం బిక్షపతీ, పంక్చరైనవా?"

"ట్యూబే మార్చుకోరాదే, అన్నా."

మొదటి జిగురు అర్ధరాత్రికే జారింది. రెండోది జారలేదు కానీ తీసేటప్పుడు చర్మం లేచి వచ్చింది. మూడోది నిలిచింది. సుమన ఫోనులోనే అరిచింది. ఆ రోజు నాకు కూడా ఏదో సాధించినట్టు అనిపించింది. మగ్గం మీద నేసిన బట్ట ఎప్పుడూ నాది అనుకోలేదు. ఆ జిగురు నాది అనుకున్నాను.

చలికాలం దిగే వేళకు అనుమతులు వచ్చాయి. కొద్దిమంది రోగుల మీద వాడి చూస్తారు. నెత్తురు తీసి, కాలేయం, కిడ్నీలు చూసి ఏరుకున్నారు. వజ్రమ్మను తీసుకున్నారు. పక్క గది సారక్కను తీసుకోలేదు.

సారక్కదీ మా వైపు ఊరే. మొగుడు రఘుపతి నాతోనే సాంచలు నడుపుతాడు. ఆమెకూ ఇదే రోగం, మా ఆమె కంటే ముందు నుంచి. వేళ్లు అప్పటికే పక్కకు ఒరిగిపోయాయి. కానీ కాలేయం చెడిందని పక్కన పెట్టారు. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. ఏడ్చిందో లేదో చూడలేదు. నేను నా భార్య పేరు పిలిచారన్న సంతోషంలో ఉన్నాను.

మామూలు రోజులైతే ప్రతి వారం డాక్టరు ఎదురుగా పట్టీ మార్చేవాళ్లట. కరోనా కాబట్టి అన్నీ ఫోన్లోనే. చేతుల ఫోటో తీసి పంపాలి. వాడిన పట్టీని దాని కాగితానికే తిరిగి అంటించి కవరులో వేయాలి. సుమన స్కూటీ మీద వచ్చి తీసుకుపోయేది. ఎంత మందు దిగిందో, ఎంత మిగిలిందో ల్యాబులో చూస్తారు. స్నానం చేయొచ్చు. నూనె పెట్టొద్దు. గోకొద్దు. ఒకే చోట రెండు వారాలు వేయొద్దు. అన్నీ చెప్పారు. కోయొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. మందును కోసేవాళ్లు ఉంటారని వాళ్లకు తోచలేదు. అడాజన్ వాళ్లకు తోచకపోవచ్చు. మా గల్లీలో పుట్టిన పిల్లకు తోచాల్సింది.

పట్టీ పని చేసింది. మొదట వాపు దిగింది. తర్వాత వేడి పోయింది. ఒక పొద్దున నేను డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాక చప్పుడుకు మెలకువ వచ్చింది. వజ్రమ్మ జొన్న రొట్టె కొడుతున్నది. అరచేయి పిండి మీద పడుతున్న చప్పుడు. మూడేళ్లుగా ఆ చప్పుడు ఇంట్లో లేదు. నేను కళ్లు మూసుకునే పడుకున్నాను. లేస్తే ఆపేస్తుందేమోనని భయం.

సారక్క గడప దగ్గర కూర్చుని చూస్తున్నది.

"ఏందే, పోస్టాఫీసోళ్లు నీకే స్టాంపు గొట్టిన్రు," అన్నది. "నన్ను స్టాంపు లేని బేరంగ్ ఉత్తరం చేసిన్రు."

"నీకూ వస్తదే, సారక్కా. రెండోసారికి తీసుకుంటరట."

"రెండోసారికి నా చేతులు కట్టెల మీదికి పోతయి. నువ్వు రొట్టె కొట్టు. నేను సూసుకుంట కూసుంట."

వజ్రమ్మ రొట్టె కాల్చి, సగం తుంచి ఆమె చేతిలో పెట్టింది. మా ఇళ్లలో అంతే. ఒక కొబ్బరికాయ కొట్టినా, ఒక చేప తెచ్చినా పక్క గదికి సగం పోతుంది. వాళ్లకు తెలిసి తింటే అది తిండి, దాచుకుని తింటే దొంగతనం అంటారు మా వాళ్లు. నేనూ అలాగే పెరిగాను.

అప్పటి నుంచి కొన్ని వారాలు బాగా గడిచాయి. వజ్రమ్మ చీరల మూటలు మళ్లీ తెప్పించుకుంటానన్నది. చేతి వేళ్లు ఒక్కొక్కటి మడిచి చూసుకునేది. ఒక మధ్యాహ్నం నా చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది. సూదిలో దారం తనే ఎక్కించుకున్నది. కొత్త పెళ్లికూతురు గాజులు చూసుకున్నట్టు ఆ గుండీని చూసుకున్నది.

ఏప్రిల్ వచ్చేసరికి రెండో కరోనా మొదలైంది. గల్లీలో దగ్గులు. అంబులెన్సులు. సారక్క పడిపోయింది.

జ్వరం, నీరసం, నోటి నిండా పుండ్లు. గంజి కూడా మింగలేకపోయింది. పెదవులు చిట్లి నెత్తురు. కరోనా అనుకున్నారు అందరూ. ఆ గదికి పక్కనున్న తలుపులన్నీ మూసుకున్నారు. రఘుపతి రోజంతా ఆటోలో తిరిగి ఆసుపత్రుల్లో మంచం దొరక్క తిరిగి వచ్చి గల్లీ మధ్యలో నిలబడ్డాడు. అలాగే నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే సుమన వచ్చింది. మాస్కు తీయలేదు. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసి, సంచిలోంచి ఒక కవరు తీసింది. లోపల వాడిన పట్టీ ఉంది. పూర్తిది కాదు, సగం. కోసిన వైపు అంచు నల్లగా, ముడుచుకుని ఉంది.

"అత్తమ్మా, గీ అంచు ఎవరు గాల్చిన్రు?"

"నేనే బిడ్డా," అన్నది వజ్రమ్మ. మెచ్చుకుంటారనుకుని నవ్వింది. "కత్తెరతోని కోసిన. జెల్ కారుతుంటే అగరుబత్తి పెట్టి మూసిన. మంచిగ అతుక్కున్నది గదా?"

పాలిస్టరు చీర కోస్తే పోగులు ఊడిపోతాయి. వెలిగించిన అగరుబత్తిని అంచు వెంట నడిపితే కరిగి మూసుకుపోతుంది. గోడాదరాలో ఆడపిల్లలకు నడక వచ్చినప్పుడే ఈ పని వస్తుంది. సుమనకూ వచ్చు. చిన్నప్పుడు అత్త ఒళ్లో కూర్చునే నేర్చుకున్నది.

"మా సర్ గూడ సూసిండు. ఆయనకు సమజ్ గాలె. మిషన్ల కాలిందన్నడు. నాకు సూడంగనే దెల్సింది," అన్నది. "ముందటి వారాలయి పూర్తిగనే వచ్చినయి గదా?"

"రెండు ముక్కలు పక్కపక్కకు వెట్టి కాగితానికి అంటించిన. నాది తీసినంక, సారక్క తీసి ఇచ్చేది. ఈసారి ఆమెది ఎక్కడ పడిపోయిందో దొరకలె. జ్వరంల ఉన్నది, అడగలె."

సుమన నేల మీద కూర్చుండిపోయింది.

నాకు అప్పటిదాకా ఏమీ తెలియదు. అప్పుడే అంతా తెలిసింది. సుమన చెప్పింది. ఆ పట్టీ బట్ట కాదు. రెండు పొరల మధ్య మందు నింపిన సంచి. వారం రోజులు సన్నగా దిగాల్సిన మందు, కోస్తే అంచులోంచి ఒక్క రోజులో ఒంట్లోకి దిగుతుంది. కాల్చి మూసిన అంచు చెమటకు విడిపోతుంది. వజ్రమ్మ కాలేయం బాగుంది కాబట్టి తట్టుకున్నది. సారక్క కాలేయం తట్టుకోలేదు. అది కరోనా కాదు. మందు విషమైంది.

వజ్రమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వింటున్నది. కదలలేదు.

"బతుకుతదా?" అన్నది.

"దానికి విరుగుడు సూది ఉంది, అత్తమ్మా. ఇయ్యాలనే వెయ్యాలె. ఏ మందో చెప్తేనే వేస్తరు. నేను మా డాక్టర్‌కు ఫోన్ చేస్త, ఆయన మంచం ఇప్పిస్తడు. కానీ..."

ఆగింది. ఆ 'కానీ' నాకు అర్థమైంది.

"చెప్తే ఏమైతది?" అన్నాను.

"పట్టీ ఆపేస్తరు, మామా. అందరికీ."

"అయితే చెప్పకు."

"మామా!"

"సారక్కను సావుమంటలేను. విను. వారం మాత్ర రోజూ మింగిందని చెప్పు. సదువురాని ఆడిది, తెల్వక మింగింది అను. గట్ల జేసేటోళ్లు శానమంది ఉన్నరని నువ్వే చెప్పినవు. ఆ సూదే వేస్తరు. ఆమె బతుకుతది. మీ అత్త చేతులు ఉంటయి. ఎవలికి నష్టం?"

సుమన నా ముఖం చూసింది. నేను చెప్పింది పనికొచ్చే మాట అని ఆమెకు తెలుసు. నేను ఇప్పటికీ అదే అంటాను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే అంటాను.

"ఇంక ముప్పై మంది ఉన్నరు, మామా," అన్నది మెల్లగా. "వాళ్ల ఒంటి మీద ఇప్పుడు గవే పట్టీలున్నయి."

"ఫోన్ జేసి కొయ్యొద్దని చెప్పు."

"కొయ్యకుంటే చిరగదా? సాంచకు గీసుకుపోతే? పొయ్యి కాడ కూసుంటే? తప్పు అత్తమ్మది గాదు, పట్టీది. లోపల సంచి పెట్టి చెయ్యడమే తప్పు. అది తెల్సినంక గూడ నోరు మూసుకుంటే నేనేం మనిషిని?"

"మీ అత్త నిన్ను ఎత్తుకుని పెంచింది."

"తెల్సు."

"తెల్సి గూడ?"

ఆమె మాస్కు తడిసి ముక్కుకు అంటుకున్నది.

మిగిలిన పట్టీలు గూట్లో డబ్బాలో ఉన్నాయి. నేను లేచి ఆ డబ్బా తీసుకుని గుండెకు పట్టుకున్నాను. ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. అది నా చేతిలో ఉన్నంతసేపు ఆమె చేతులు ఉంటాయి అనిపించింది. అంతే.

వజ్రమ్మ లేచింది.

"ఇగో, అది ఇటియ్యి."

"నువ్వు కూసో."

"పక్క గదిల సారక్క సస్తుంటే నేను రొట్టెలు కొట్టుకుంట కూసుంటనా? ఇయ్యమంటున్న."

"రేపు నీ నోట్లె బుక్క ఎవడు వెడ్తడు?"

"మూడేండ్లు నువ్వే వెట్టినవు గదా. విసుగొచ్చిందా?"

ఎగతాళిగానే అన్నది. నేను డబ్బా వదల్లేదు. ఆమె నా చేతి మీద చేయి వేసింది. నా వేళ్లను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. గ్లాసు పట్టలేని వేళ్లు అవి. బలంగా విప్పింది. నేను సాంచలు నడిపిన మనిషిని, అయినా విప్పింది. డబ్బా తీసుకుని సుమన ఒళ్లో పెట్టింది.

"ఒంటి మీదున్నది గూడ ఇయ్యాల్నా, బిడ్డా?"

సుమన తల ఊపింది. వజ్రమ్మ గోడ వైపు తిరిగి, పొట్ట మీది పట్టీ తీసి, కాగితానికి జాగ్రత్తగా అంటించి ఇచ్చింది. ఆ తర్వాత తలుపు తీసుకుని, గల్లీలో నిలబడ్డ రఘుపతి దగ్గరికి తనే వెళ్లి చెప్పింది.

"ఇంకోసారి ఈ గడప దొక్కకు," అన్నాను సుమనతో.

ఆ సాయంత్రం సారక్కకు మంచం దొరికింది. సూది పడింది. చాలా రోజులు ఉన్నది. బతికింది.

పట్టీ ఆగిపోయింది.

వజ్రమ్మ వేళ్లు మళ్లీ ఉబ్బాయి. ఈసారి మణికట్లు, మోచేతులు, పాదాలు అన్నీ ఒకేసారి. కట్టేసిన గేదెను వదిలితే చేలో పడ్డట్టు రోగం ఒంటి మీద పడింది. గోడ పట్టుకుని కూడా నడవలేకపోయింది. నిద్రలో పక్కకు ఒత్తిగిలితే అరిచేది. అరిచి, నన్ను చూసి, "ఏం లేదు, నువ్వు పండుకో" అనేది.

నేను అడాజన్ వెళ్లాను. అపార్ట్‌మెంటు కింది అంతస్తులో వాళ్ల ఆఫీసు. కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. రోడ్డు అవతల చెట్టు కింద కూర్చున్నాను. సుమన సర్ బయటికి వచ్చాడు. మా వయసువాడే. ముఖానికి రెండు మాస్కులు. నేను ఎవరో చెప్పాను. హిందీలో అడిగాను. నా భార్యకు మాత్రమే ఇవ్వండి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను, చస్తే మీ పేరు ఎత్తను అన్నాను.

"అర్థం చేసుకో, కాకా," అన్నాడు. "అది సురక్షితం కాదు."

"ఆమె రొట్టె చేసింది, సాబ్. మీ మందు పని చేసింది."

"తెలుసు. నాకూ బాధగానే ఉంది."

మర్యాదగానే మాట్లాడాడు. నేను వంగి కాళ్లు పట్టుకోబోయాను. కరోనా భయంతో గబుక్కున వెనక్కి జరిగాడు. పట్టుకోవడానికి నాకు కాళ్లు కూడా దొరకలేదు.

గల్లీ చివర సూదులు వేసే మనిషి ఒకడు ఉన్నాడు. డాక్టరు అని బోర్డు ఉంది. అతను ఇచ్చిన సూదికి వాపు ఒక్క పూటలో దిగింది. మూడు సూదులకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఒంట్లో సత్తువ పోయింది. తర్వాత దగ్గు మొదలైంది. ఈసారి నిజంగానే కరోనా. నాకూ వచ్చింది, పోయింది. ఆమెకు పోలేదు.

మంచం కోసం నేనూ ఆటోలో తిరిగాను. రఘుపతి తోడు వచ్చాడు. దారిలో అతను ఏదో చెప్పబోయాడు. నోరు మూసుకోమన్నాను. సుమన ఫోన్ల మీద ఫోన్లు చేసి ఎక్కడో మంచం సంపాదించింది. అక్కడికి చేరేసరికి వజ్రమ్మ నా భుజం మీద ఉంది. ఊపిరి లేదు.

ప్లాస్టిక్‌లో చుట్టి ఇచ్చారు. ముఖం దూరం నుంచి చూపించారు. చేతులు చూపించమన్నాను. కుదరదన్నారు. మరోసారి అడిగాను. పక్కకు జరగమన్నారు, వెనక వేరే వాళ్లున్నారు.

తర్వాత సారక్క నా తలుపు దగ్గరికి వచ్చేది. "మర్దీ," అని పిలిచేది. నేను పలికేవాణ్ణి కాదు. కొంతసేపు నిలబడి వెళ్లిపోయేది. రఘుపతి సాంచల దగ్గర పక్కనే నిలబడితే నేను అవతలి వరుస అడిగి మార్పించుకున్నాను. మా వాళ్లు నన్ను తప్పుపట్టారు. బతికినామెది తప్పా అన్నారు. కాదు. తప్పు కాదని నాకు తెలుసు. తప్పు లేనివాళ్లనే క్షమించడం కష్టం. వాళ్లు అడగడానికి కూడా ఏమీ ఉండదు.

మరుసటి చలికాలం ఒక మధ్యాహ్నం గల్లీలో ఆడవాళ్ల మాటలు వినిపించాయి. తలుపు సందులోంచి చూశాను. మెట్ల మీద పది మంది దాకా కూర్చున్నారు. మధ్యలో సుమన. పక్కన సారక్క. కొత్త పట్టీ తయారైంది. ఇందులో సంచి లేదు, మందు జిగురులోనే కలిసి ఉంది. మళ్లీ రోగుల మీద వాడి చూస్తారట. ఈసారి ఫోన్లో కాదు, ముందే గల్లీలకు వచ్చి చెబుతున్నారు.

సారక్క తన సంగతి చెబుతున్నది. "నోరు మొత్తం పచ్చి పుండు. నీళ్లు దాగితె నిప్పు దాగినట్టు. వజ్రమ్మ పాపం మంచికే ఇచ్చింది. అగరుబత్తి పెట్టి అంచు మూసి మరీ ఇచ్చింది."

ఎల్లవ్వ అనే ఆమె నోటికి కొంగు పెట్టుకుని నవ్వింది. "మందుకు అగరుబత్తేందే! పూజ జేసిందా ఏంది?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నేను తలుపు తీశాను. నవ్వులు ఆగాయి.

"ఎల్లవ్వా, నీ ఇంట్ల చీర అంచు దేనితోని మూస్తవు?"

ఆమె తల వంచుకున్నది.

"నీకు కొయ్యొద్దని చెప్పెతందుకు ఇయ్యాల మెట్ల మీదికి వచ్చి కూసున్నరు. ఆమెకు ఎవలు రాలె."

"అందుకే వచ్చిన, మామా," అన్నది సుమన. బక్కచిక్కింది. కళ్ల కింద నలుపు. నేను ఆమె వైపు తిరగలేదు.

సారక్క చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, చెట్టు వేళ్లలా ఉన్నాయి.

"ఈమెను తీసుకుంటున్నరా ఈసారి?" అని అడిగాను. సుమననే అడిగాను, ఆమె ముఖం చూడకుండా.

"లేదు, మామా. కాలేయం ఇంక చెడింది. ఈమెకు ఏ పట్టీ పనికి రాదు."

మెట్ల మీది ఆడవాళ్లు సారక్క వైపు తిరిగారు. సారక్క తనే నవ్వు తెచ్చుకున్నది. "నాకెందుకు బిడ్డా. నా సగం నేను ఎప్పుడో తీసుకున్న."

"ఆ సగం నీది కాదు," అన్నాను.

ఆమె తల ఊపింది. "అవు, మర్దీ," అన్నది. "నాది కాదు."

నేను అక్కడే నిలబడ్డాను. ఇంకా ఏదో అనాలి, ఎవరిని అనాలో తెలియలేదు. సుమన సంచిలోంచి కత్తెర తీసింది. కొత్త పట్టీని పైకెత్తి, అందరికీ కనిపించేలా మధ్యకు కోసింది. రెండు ముక్కల అంచులూ చూపించింది. వేలితో నొక్కి చూపించింది.

ఏమీ కారలేదు.

లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.